హార్డ్ డిస్క్ పోయింది, ల్యాప్‌టాప్ పోలేదు

అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు పోర్టల్‌లో ఎక్కించడానికి సోమవారం ఆఖరు రోజు. శుక్రవారం సాయంత్రం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ల్యాప్‌టాప్ మీట నొక్కాను. కంపెనీ గుర్తు కనిపించి మాయమైంది. తర్వాత నల్లని తెర మీద తెల్లని అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. బూట్ చేయడానికి పరికరమేదీ దొరకలేదు, ఏదో ఒక మీట నొక్కండి అని దాని అర్థం. నొక్కాను. మళ్ళీ అదే వాక్యం.

నిజానికి అది రెండు వారాలుగా చెబుతూనే ఉంది. తెరుచుకోవడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. ఏదైనా ఫైలు తెరిస్తే అడుగు భాగంలో టిక్కు టిక్కుమని చప్పుడు. ఫ్యానులో దుమ్ము చేరిందనుకుని ఊరుకున్నాను. 2019లో కొన్న ఆ ల్యాప్‌టాప్ నాతోపాటు మూడు బదిలీలు చూసింది. రైల్లో తలకింద దిండుగా పనిచేసింది, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడలో మూడు రోజులు ఊగుతూ వచ్చింది. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో ఆగిపోయింది.

బజారులో రిపేరు దుకాణం కుర్రవాడు తెలుగువాడే. ఈ ఊళ్ళో రైల్వే పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి కాబట్టి అది వింత కాదు. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ ఎక్కించేస్తే సరిపోద్ది మాస్టారూ, గంటలో ఇచ్చేస్తా" అన్నాడు. నేను సరే అనబోయాను. నాతో వచ్చిన పదకొండో తరగతి విద్యార్థి, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నవాడు, మెల్లగా అడిగాడు: "సార్, లోపల ఏమున్నాయి?"

ఏమున్నాయి? మార్కులు రిజిస్టరులో చేతిరాతతో ఉన్నాయి, వాటికి భయం లేదు. ప్రశ్నపత్రాలు, పాఠ్య ప్రణాళికలు పోయినా మళ్ళీ రాసుకోవచ్చు. కానీ 'మామ్మ మాటలు' అని ఒక ఫోల్డరు ఉంది. నేను పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ తెలుగు పిల్లలకు సెలవుల్లో ఒకే పని ఇచ్చేవాణ్ణి. ఇంట్లో పెద్దవాళ్ళ చేత ఒక కథో, తాము ఈ ఊరికి ఎలా వచ్చారో చెప్పించి ఫోనులో రికార్డు చేసుకు రండి అని. భిలాయిలో మొదలుపెట్టి పోర్ట్ బ్లెయిర్, ఖరగ్‌పూర్ వరకు 94 రికార్డింగులు. వాటికి మరో ప్రతి లేదు. ఎప్పుడో ఒకరోజు పెన్ డ్రైవ్‌లో వేసుకోవాలి అనుకుంటూనే ఇన్నేళ్ళు గడిపాను.

ల్యాప్‌టాప్ తీసుకుని ఇద్దరం వెనక్కి వచ్చేశాం. ఆ శనివారం, ఆదివారం మేము చేసిన పనే ఈ పాఠం.

ముందు ఆ నల్ల తెర మీది వాక్యం ఎవరు రాశారో చూద్దాం. మీట నొక్కగానే మొదట మేలుకునేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్. పాత కంప్యూటర్లలో దాన్ని బయోస్ అనేవారు, ఇప్పటివాటిలో యూఈఎఫ్ఐ ఉంటుంది. అది లేచి, మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా అని హాజరు తీసుకుంటుంది. తర్వాత డిస్కులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి, దాన్ని లేపి, పగ్గాలు దాని చేతికిస్తుంది. మా డిస్కు హాజరు పలకలేదు. ఆ సంగతే అది తెర మీద రాసింది. అంటే ప్రాసెసరు, మెమరీ, తెర అన్నీ బతికే ఉన్నాయి. కంప్యూటరు పోయిందని నేను అనుకున్న ఆ వాక్యమే, డిస్కు తప్ప మిగతాదంతా బాగానే ఉందని చెబుతోంది.

బదిలీల మీద తిరిగేవాళ్ళకు అర్థమయ్యేలా చెబుతాను. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రభుత్వ క్వార్టర్స్ లాంటిది. ఊరు మారితే మరో క్వార్టర్స్ ఇస్తారు, అవే గోడలు, అవే కుళాయిలు. మన ఫైళ్ళు మనం వెంట తెచ్చుకున్న ట్రంకు పెట్టె. దుకాణం కుర్రవాడు ఇస్తానన్నది క్వార్టర్స్. ట్రంకు పెట్టె సంగతి అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక హార్డ్ డిస్క్. లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళేలుంటాయి. ల్యాప్‌టాప్‌లలో వాడే రకం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. పళ్ళెం మీద అయస్కాంత పూత, ఆ పూతలో మన అక్షరాలు సున్నాలూ ఒకట్లుగా ఉంటాయి. వాటిని చదివే హెడ్ పళ్ళేనికి తగలదు. తిరిగే వేగానికి పుట్టే గాలి పొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం వేల నానోమీటర్లలో ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ ఎత్తు ఎంత తక్కువో తెలుస్తుంది. పని చేస్తుండగా ఒక్క కుదుపు వచ్చినా హెడ్ పళ్ళేన్ని గీరవచ్చు. టిక్కు టిక్కుమనే చప్పుడు చాలాసార్లు హెడ్ తన చోటు దొరక్క మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చి ప్రయత్నించడం వల్ల వస్తుంది. నేను దుమ్ము అనుకున్నది అదే.

1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచుకున్నది 50 లక్షల అక్షరాలు, అవీ ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు కొంచెం ఎక్కువ చోటు అడుగుతుంది. 'అమ్మ' అన్న మాటను యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని నాలుగు సంకేతాలుగా రాస్తారు. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో దానికి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. తరగతిలో ఈ లెక్క చెబితే పిల్లలు నమ్మరు. ఫైలు సేవ్ చేసి సైజు చూపించాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం. విండోస్ చెడిపోవడం వేరు, డిస్కు చెడిపోవడం వేరు. వైరస్ వల్లో, సగంలో కరెంటు పోయిన అప్‌డేట్ వల్లో విండోస్ చెడితే, ఫైళ్ళు కాపాడుకుని అదే డిస్కు మీద మళ్ళీ ఎక్కించుకోవచ్చు. డిస్కే చెడితే దాని మీద ఫార్మాట్ కొట్టడం, కూలుతున్న ఇంటికి సున్నం వేయడం లాంటిది. అంతకన్నా ప్రమాదం కూడా. కొత్త విండోస్ రాసిన ప్రతి చోటా కింద ఉన్న పాత ఫైలు చెరిగిపోతుంది. తేడా కనుక్కోవడానికి కొన్ని గుర్తులున్నాయి. వింత చప్పుడు వస్తోందా? ఫైళ్ళు కాపీ చేస్తుంటే ఒకేచోట ఆగిపోతోందా? బయోస్ తెరలో డిస్కు పేరు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతోందా? వీటిలో ఒక్కటి ఉన్నా ఆపేయండి. ప్రతిసారి ఆన్ చేసి చూడటం కూడా డిస్కుకు దెబ్బే.

మేము ల్యాప్‌టాప్ బ్యాటరీ తీసేసి, అడుగు మూత మరలు విప్పి, డిస్కును బయటికి తీశాం. స్థిర విద్యుత్తు పోవడానికి ముందుగా ఒక ఇనుప బీరువాను ముట్టుకోమని నా శిష్యుడు నాకు చెప్పాడు. గురువుగారి పరువు సంగతి ఇక్కడ వదిలేద్దాం. డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో ప్రయోగశాలలోని ఒక కంప్యూటర్‌కు తగిలించాం. ఆ కంప్యూటర్‌ను మాత్రం విండోస్‌తో కాకుండా, పెన్ డ్రైవ్‌లో ఉన్న ఉబుంటుతో నడిపాం. ఉబుంటు, లినక్స్ కుటుంబానికి చెందిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించకుండానే పెన్ డ్రైవ్ నుంచే నడుపుకోవచ్చు. విండోస్ అయితే తగిలించిన డిస్కును సరిచేస్తానంటూ దాని మీద రాయడానికి ప్రయత్నించవచ్చు. లినక్స్‌లో 'చదువు, రాయకు' అనే షరతుతో తెరవవచ్చు.

ఒక సంగతి ముందే చూసుకోవాలి. ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో డిస్కు మీద బిట్‌లాకర్ తాళం మనకు తెలియకుండానే పడి ఉండవచ్చు. అలాంటి డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్ళకు ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే దొరుకుతుంది. ల్యాప్‌టాప్ బాగా ఉన్నప్పుడే దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నా దానికి తాళం లేదు, అదృష్టం.

మొదట 'మామ్మ మాటలు' ఒక్కటే కాపీ చేశాం. అంతా ఒకేసారి లాగాలని ఆశపడితే, అక్కరలేని సినిమాలు కాపీ అవుతుండగా డిస్కు ప్రాణం పోవచ్చు. నలభై నిమిషాలు బాగానే నడిచి ఆగిపోయింది. అప్పుడు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడాం. పరీక్షలో తెలివైన విద్యార్థి ఏం చేస్తాడో అది అదే చేస్తుంది. తెలిసిన ప్రశ్నలు ముందు రాసేసి, కష్టమైనవి వదిలి, చివర్లో వాటి దగ్గరికి మళ్ళీ వస్తుంది. ఏది చదివిందో ఏది వదిలిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మొదటికి రాదు. రాత్రంతా నడిచింది. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే డిస్కు పనిచేస్తుందని స్టాఫ్ రూమ్‌లో ఒక సలహా వచ్చింది. వినకండి, లోపల తేమ చేరి ఉన్నది కూడా పోతుంది. మూత తెరిచి చూద్దామనే సరదా కూడా వద్దు. ఒక్క దుమ్ము కణం హెడ్‌కు బండరాయే. డేటా రికవరీ చేసేవాళ్ళు దాన్ని దుమ్ము లేని ప్రత్యేక గదిలో తెరుస్తారు, ఖర్చు వేలల్లో ఉంటుంది. నిజం చెప్పాలంటే టిక్కు శబ్దం విన్న రోజే ఆపి వాళ్ళకు పంపి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున్న లెక్క చూసుకున్నాం. 94లో 71 పూర్తిగా వచ్చాయి. 9 సగం సగం. 14 అసలే లేవు.

కొత్త డిస్కుగా ఎస్‌ఎస్‌డి కొన్నాను. అందులో తిరిగే భాగాలు లేవు, కుదుపులకు అంతగా భయపడదు. కొనేముందు మీ ల్యాప్‌టాప్‌కు ఏ రకం పడుతుందో చూసుకోండి. పాత హార్డ్ డిస్క్ చోట్లో కూర్చునేది రెండున్నర అంగుళాల సాటా రకం. చూయింగ్ గమ్ పలకలా సన్నగా ఉండేది ఎం.2, దానికి మదర్‌బోర్డు మీద వేరే గాడి ఉండాలి. నేను 500 జీబీది తీసుకుంటే విండోస్‌లో 465 అని చూపించింది. దుకాణదారు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

తర్వాత విండోస్ పెన్ డ్రైవ్. బాగున్న మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సొంత వెబ్‌సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న పెన్ డ్రైవ్ పెడితే అదే తయారు చేస్తుంది. పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీదే పెట్టండి. 'క్రాక్' చేసిన విండోస్ ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తీసుకోవద్దు. అందులో ఇంకేం దాచారో మనకు కనిపించదు. పైగా దాని అవసరమూ లేదు. కొన్నప్పుడే విండోస్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాని లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్కు మారినా లైసెన్సు పోదు. అందుకే ప్రొడక్ట్ కీ అడిగినప్పుడు 'నా దగ్గర లేదు' అన్నదాన్ని ఎంచుకుని ముందుకు వెళ్ళవచ్చు. ఇంతకుముందు హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో ఎంచుకోవాలి. ఇంటర్నెట్ తగలగానే లైసెన్సును అదే గుర్తుపడుతుంది.

పెన్ డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, ఎఫ్2, ఎస్కేప్, డిలీట్ గానీ నొక్కుతూ ఉండాలి. కంపెనీని బట్టి మీట మారుతుంది. బూట్ జాబితాలో పెన్ డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఎక్కడ ఎక్కించాలి అని అడిగినప్పుడు కొత్త డిస్కు 'అనలొకేటెడ్ స్పేస్' అని ఒకే గీతగా కనిపిస్తుంది. దాన్నే ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే కావలసిన చిన్న చిన్న భాగాలను అదే చేసుకుంటుంది. ఆ తెర మీద ఒకటికన్నా ఎక్కువ డిస్కులు కనిపిస్తే మాత్రం చేయి ఆపి, సైజులు రెండుసార్లు చదవండి. పాత డిస్కు కూడా తగిలించి ఉండగా ఈ పని చేసి, ఉన్నదాన్ని తుడిచేసుకున్నవాళ్ళు ఉన్నారు.

నేను చేసిన పొరపాటు ఇంకొకటి. కొంతసేపటికి ల్యాప్‌టాప్ తనంతట తాను రీస్టార్ట్ అయింది. నేను మళ్ళీ ఎఫ్12 నొక్కి పెన్ డ్రైవ్ ఎంచుకున్నాను. మళ్ళీ మొదటి తెర! అలా రెండుసార్లు తిరిగాక కుర్రవాడు నవ్వు ఆపుకుంటూ, "సార్, రెండోసారి మీట నొక్కకూడదు, దాని దారిన దాన్ని పోనివ్వాలి" అన్నాడు. ఆ తర్వాత వైఫై లేదని మొండికేసింది. కొత్తగా ఎక్కించిన విండోస్‌కు ఒక్కోసారి వైఫై పరికరం డ్రైవర్ ఉండదు. డ్రైవర్ అంటే ఆ పరికరంతో మాట్లాడటానికి కావలసిన దుబాసీ. దుబాసీని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి, ఇంటర్నెట్‌కు దుబాసీ కావాలి. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఈ చిక్కు విడిపోయింది. మిగతా డ్రైవర్లు విండోస్ అప్‌డేట్ తెచ్చిపెట్టింది.

నా ల్యాప్‌టాప్ విండోస్ 11కు సరిపోయింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ మెమరీ, 64 జీబీ చోటు కనీసం కావాలి, ప్రాసెసరు కూడా ఆమోదించిన జాబితాలో ఉండాలి. అంతకన్నా పాతవాటి సంగతి ఏమిటి? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 14 అక్టోబరు 2025తో ముగిసింది. అలాంటి ల్యాప్‌టాప్‌ను తుక్కుకు వేయకుండా లినక్స్ ఎక్కించి చూడమని నా సలహా. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన సి-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకున్నదే.

తెలుగు విషయం చెప్పకపోతే ఈ విభాగంలో ఈ వ్యాసానికి చోటెందుకు? కొత్త విండోస్‌లో తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు, నిర్మలా ఫాంటు అందులోనే ఉంటుంది. రాయడానికి సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. ఒక భారతీయ భాషకు నేర్చుకుంటే అన్నిటికీ అదే అమరిక. హిందీ, బెంగాలీ కూడా టైపు చేయాల్సి వచ్చే మనలాంటివాళ్ళకు ఇంతకన్నా సుఖం లేదు.

అయితే రక్షించుకున్న పాత ప్రశ్నపత్రాలు కొన్ని తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వచ్చాయి. డిస్కు పాడైన గుర్తేమో అనుకున్నాను. కాదు. అవి పాత డీటీపీ ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉంటాయి. ఫాంటు ఉంటే తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు సొంత గళ్ళున్నాయి. అలా రాసినది ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే తెరుచుకుంటుంది. పాత ఫైళ్ళు ఉన్న ఉపాధ్యాయ మిత్రులు వాటిని ఫాంటు ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి.

ఆదివారం రాత్రి పదిన్నరకు మార్కులు ఎక్కించడం పూర్తయింది. ఇప్పుడు రికార్డింగులకు మూడు ప్రతులున్నాయి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, ఇంటర్నెట్‌లోని డ్రైవ్‌లో ఒకటి. బయటి డిస్కును కాపీ అయిన వెంటనే తీసి బీరువాలో పెడతాను. తగిలించే ఉంచితే వైరస్ వచ్చినప్పుడు రెండూ కలిసి పోతాయి.

సగం వచ్చిన తొమ్మిదిలో ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో నా దగ్గర చదివిన అమ్మాయిది. వాళ్ళ మామ్మ పదకొండు నిమిషాలు మాట్లాడింది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి, చిన్నపిల్లగా, తండ్రి వెంట విశాఖ రేవుకు వచ్చి ఓడెక్కిన సంగతి. కొత్త ల్యాప్‌టాప్‌లో పెడితే రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఓడ కూత గురించి చెబుతూ ఆగిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఫోను చేసి అసలు ఫైలు ఉందా అని అడిగాను. "ఆ ఫోను ఎప్పుడో పోయింది సార్. మామ్మ కూడా పోయిన ఏడాది పోయింది" అంది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. కాసేపటికి తనే అంది, "నాన్నకి ఆ కథంతా తెలుసు సార్, చిన్నప్పట్నుంచీ వింటున్నారుగా. ఆదివారం డ్యూటీ ఉండదు, చెప్పిస్తాను."

రికార్డు చేయగానే ముందు నాకు పంపమని, తన దగ్గరా ఒకటి ఉంచుకోమని చెప్పాను.